చేపల తొట్టి, మొండి పాచి, మా మామ్మ

పాచి అంటే ఏమిటో పల్లెలలో పెరిగినవారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. బావి గట్టు మీద కాలు జారేది పాచి వలననే. వానాకాలములో పెరటి గోడను పచ్చగా కమ్మేది, చెరువు మీద తెట్టులా తేలేది, నీళ్ళ తొట్టి అంచున చేతికి జిగటగా తగిలేది అంతా పాచియే. పెరటి తొట్టి అయితే కొబ్బరి పీచుతో తోమి, నీళ్ళు పారబోసి, ఎండబెట్టి మరల నింపుకొంటాము. అయితే ఆ తొట్టిలో ప్రాణమున్న చేపలు, వేళ్ళూనిన మొక్కలు ఉంటే ఏమి చేయాలి? తోమి ఎండబెట్టడానికి వీలులేదు. మందు పోస్తే పాచితోపాటు మిగిలినవి కూడా పోవచ్చును. ఈ విషయమై మేము ఒక శీతాకాలమంతా పడిన పాట్లను, అందులో తెలిసికొన్న సంగతులను పాఠక కుటుంబములతో పంచుకోవాలని ఇది వ్రాస్తున్నాము.

మాది గోదావరి డెల్టాలోని ఒక పల్లె. ఇంట్లో మేమిద్దరము, మా ఇద్దరు పిల్లలు, మామ్మ. మామ్మ మాలో ఒకరికి తల్లి, మరొకరికి అత్తగారు. పిల్లలు పుట్టినది మొదలు ఇంటిల్లిపాదికీ ఆమె మామ్మయే. 2022 ఫిబ్రవరిలో ఆమెకు పక్షవాతము వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనము తప్పాయి. మాట కూడా పోయింది. కొన్ని నెలలకు ఒకటి రెండు మాటలు మాత్రము తిరిగి వచ్చాయి. పొలములోను, పాడిలోను, వంటింట్లోను ఒక్క క్షణము ఊరక కూర్చోని మనిషి గోడవైపు తిరిగి పడుకొని ఉంటే చూడలేకపోయేవాళ్ళము.

ఆ మే నెలలో మా బంధువులొకరు ఊరు మారుతూ తమ చేపల తొట్టిని మాకిచ్చారు. పొడవు మూడడుగులు, వెడల్పు అడుగు, ఎత్తు అడుగుంబావు. ఇసుక పరచి నింపితే సుమారు 90 లీటర్ల నీరు పడుతుంది. మామ్మ మంచానికి ఎదురుగా, దక్షిణపు కిటికీ ప్రక్కన బల్ల మీద దానిని నిలిపాము. రిబ్బనులాంటి పొడవాటి ఆకులున్న వాలిస్నేరియా, దళసరి ముదురాకుల అనూబియాస్ నాటాము. పది గప్పీలు, నాలుగు నల్ల మోలీలు వేశాము. రెండు రోజులు గడిచాక మామ్మ గోడవైపు నుండి ఇటు తిరిగింది. తరువాత తిరిగే పడుకొన్నది. ఏ చేప ఎక్కడ దాగుతుందో, ఏది పిల్లలు పెట్టబోతున్నదో మాకంటె ముందు ఆమెకే తెలిసేది. ఎడమ చేతితో చూపించేది.

అట్టి తొట్టికి డిసెంబరు నెలలో పాచి పట్టింది. అది రెండు రకములు. మొదటిది పచ్చని నూలుపోగుల వలె వాలిస్నేరియా ఆకులకు చుట్టుకొన్నది. ఉదయము తీస్తే నాలుగవ రోజుకు మరల అంతే. రెండవది అనూబియాస్ ఆకుల అంచున, నీటిని వడకట్టే ఫిల్టరు గొట్టము మూతి దగ్గర నల్లని కుచ్చులుగా మొలిచింది. గోటితో గీకినా రాలేదు. క్రిస్మసు నాటికి అద్దము కూడా పచ్చబడి, మంచము మీది నుండి చూస్తే చేపల నీడలు తప్ప మరేమీ కనిపించలేదు. మామ్మ మరల గోడవైపు తిరుగసాగింది.

చూడవచ్చినవారు తలా ఒక సలహా ఇచ్చారు. పట్నములో చేపలమ్మే కుర్రవాడు ఒక సీసా చూపి, “ఇది పొయ్యండి సార్, రెండు రోజులలో క్లీన్ అయిపోతుంది” అన్నాడు. అందులో ఏమున్నదని అడిగితే అతనికి తెలియదు. రొయ్యల చెరువులున్న మా బాబాయి వచ్చి చూచి, “ఒరేయ్ అబ్బాయ్, మైలుతుత్తం ఒక చిటికెడు వేసి చూడండిరా. చెరువులో నాచుకు మేము వేసేది అదే గదా!” అన్నారు. మంచము మీది నుండి మామ్మ, “వద్దు” అన్నది. ఆ మాట ఎంతో స్పష్టముగా వచ్చింది. మేమందరము ఆమెవైపు తిరిగి చూచాము.

మామ్మ మాట సరియైనదే. మైలుతుత్తములో ఉన్నది రాగి. పాచిని చంపే రాగి నత్తలను, రొయ్యలను చాల తక్కువ మోతాదులోనే చంపుతుంది. లవణములు తక్కువగా ఉన్న మెత్తని నీటిలో చేపలకు కూడా అది విషమే. నాటిన మొక్కలను సహితము పాడుచేస్తుంది. అంతేగాక, పాచి అంతా ఒక్కసారిగా చస్తే అది కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకొని పోతుంది. ఎకరాల చెరువులో పెద్ద ఏరియేటర్లు త్రిప్పి దానిని సరిచేసుకోవచ్చునేమో గాని, 90 లీటర్ల తొట్టిలో చేపలకు పారిపోయే చోటు ఎక్కడ ఉన్నది? గనుక మందు మాట విడిచిపెట్టి, ఈ పాచి ఇప్పుడే ఎందుకు వచ్చింది అని ఆలోచించుట మొదలుపెట్టాము. మే నుండి నవంబరు దాకా అదే నీరు, అవే చేపలు, అదే దీపము. అప్పుడు లేనిది ఇప్పుడు ఏమి వచ్చింది?

జవాబు మామ్మయే చెప్పింది. ఒక మధ్యాహ్నము అన్నము తినిపిస్తుండగా ఎడమ చెయ్యి ఎత్తి కిటికీవైపు చూపి, “ఎండ” అన్నది. చూస్తే కిటికీలోనుండి ఎండ పలకలాగా వచ్చి తొట్టి మీద పడుతున్నది. మే నెలలో మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తి మీద ఉంటాడు. ఆ కాలములో దక్షిణపు కిటికీలోనికి ఎండ రాదు. డిసెంబరు చివరికి మన ప్రాంతములో అతడు మిట్టమధ్యాహ్నము సహితము నడినెత్తి నుండి దాదాపు 40 డిగ్రీలు దక్షిణమునకు వాలి ఉంటాడు. చూరు క్రింద నుండి ఎండ లోపలికి వచ్చేది అందుకే. మా చిన్నవాడు సుద్దముక్క తీసికొని, ఎండ బల్లను తాకినప్పుడు ఒక గీత, విడిచినప్పుడు ఒక గీత గీచి గడియారము చూచాడు. వారము రోజులు అలాగే చేశాడు. పగలు 11 గంటల నుండి 2 గంటల వరకు, అనగా మూడు గంటలసేపు నేరుగా ఎండ. దానికి తోడు మామ్మ చూచుకొనేందుకు వెలిగించే దీపము పది గంటలు.

ఇక్కడ పాచి సంగతి కొంచెము చెప్పాలి. మొక్కకు కావలసినవే పాచికి కూడా కావాలి: వెలుతురు, నత్రజని, భాస్వరము, పొటాషు, బొగ్గుపులుసు వాయువు. అయితే పాచికి ఇవన్నీ చాల కొద్దిగా ఉన్నా చాలును, మొక్కకు చాలవు. మన పొలములో జింకు లోపించిన వరికి ఎంత యూరియా చల్లినా పైరు ఎదగదు గదా! జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు లీబిగ్ 19వ శతాబ్దములో ప్రచారము చేసిన సూత్రము ఇదే. ఏది అన్నిటికంటె తక్కువగా ఉన్నదో దానిని బట్టియే పెరుగుదల ఉంటుంది. మా తొట్టిలో వెలుతురు ఒక్కటే పెరిగింది, మిగిలినవి పెరుగలేదు. మొక్కలు ఆ వెలుతురును వాడుకోలేకపోయాయి. వాడుకోగలిగినది పాచి. వరి దట్టముగా అలుముకొన్న మడిలో కలుపు లేవదు. పైరు పలుచబడిన చోటనే తుంగ లేస్తుంది. తొట్టి కూడా ఒక మడియే.

ఒకప్పుడు, పాచికి ఆహారము లేకుండా చేస్తే అదే చస్తుందని చాలమంది అనుకొనేవారు. 1996లో పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ అనే ఇద్దరు, నీటిలో భాస్వరమును తగ్గించి మిగిలిన పోషకములను సమృద్ధిగా ఇస్తే మొక్కలు గెలుస్తాయి, పాచి ఓడుతుంది అని వ్రాశారు. తరువాత టామ్ బార్ మొదలైనవారు మొక్కలు దట్టముగా ఉన్న తొట్లలో భాస్వరమును కావాలని కలిపి, అది ఒక్కటే పాచిని తేదని చూపారు. ఇద్దరి మాటలలోను మాకు పనికివచ్చినది ఒకటే. పాచిని మాడ్చుట కాదు, మొక్కను బలపరచుట ముఖ్యము.

మేము చేసిన పనులను వరుసగా చెబుతాము.

మొదట కిటికీకి చాప కట్టి, తొట్టి వెనుక అద్దానికి నల్లకాగితము అంటించి ఎండను ఆపాము. దీపమును రోజుకు ఏడు గంటలకు తగ్గించాము. ఇది మాకు కష్టముగా తోచింది. దీపము ఆరితే మామ్మకు ఆ సమయములో ఏమి చూపిస్తాము? ఆమెనే అడిగాము. “సాయంత్రం” అన్నది. పిల్లలు బడి నుండి వచ్చే వేళకు వెలిగి, రాత్రి భోజనాలయ్యే వరకు ఉండేటట్లు ఒక టైమరు పెట్టాము. చేయి మరచినా టైమరు మరువదు. ఒకరోజు ఆరు గంటలు, ఒకరోజు పన్నెండు గంటలు వెలిగించుట మొక్కలకు మంచిది కాదు.

రెండవది, చేతితో తీయుట. పచ్చని పోగులను పాత పళ్ళ బ్రష్షుకు సేమియా చుట్టినట్లు చుట్టి లాగితే చాలమట్టుకు వస్తాయి. పాచి బాగా పట్టిన ముసలి ఆకులను మొదలంటా కత్తిరించాము. అవి ఇక కోలుకోవు. అద్దమును పాత ప్లాస్టిక్ కార్డుతో గీకాము.

మూడవది, నీరు మార్చుట. వారమునకొకసారి మూడవ వంతు, అనగా 30 లీటర్లు. పంచాయతీ కొళాయి నీటిలో బ్లీచింగు వాసన ఉంటుంది. అందులోని క్లోరిన్ చేపల మొప్పలను కాల్చుతుంది. గనుక నీటిని వెడల్పాటి టబ్బులో ఒక రోజంతా మూత లేకుండా ఉంచి, వాసన పోయిన తరువాతనే పోశాము.

నాలుగవది, మేత తగ్గించుట. చేపలు రెండు నిమిషాలలో తినగలిగినంతే వేయాలి. మిగిలినది కుళ్ళుతుంది. నల్ల కుచ్చుల పాచికి కుళ్ళు ఉన్నచోటు ఇష్టము. ఈ పనిని మామ్మ కుడి చేతికి ఒప్పగించాము. వ్యాయామము నేర్పే ఫిజియోథెరపిస్టు ఆ వ్రేళ్ళతో చిన్నవాటిని పట్టించమని చెప్పియుండెను. డబ్బా దగ్గరకు పెడితే మూడు వ్రేళ్ళు కలిపి పట్టుకొనుటకు ఆమెకు ఎంతో సేపు పట్టేది. పట్టినది కొద్దిగానే ఉండేది. చేపలకు కావలసినది కూడా అంతే.

ఐదవది, వేగముగా పెరిగే మొక్కలను తెచ్చుట. కాలువలలో పెరిగే నాచు మొక్క హైడ్రిల్లాను, నీటి మీద తేలే అంతరతామరను తెచ్చాము. పురుగుమందుల నీరు దిగే మురుగు కోడు నుండి కాక, పారే కాలువ నుండియే తీసికొన్నాము. జలగలు, పురుగులు రాకుండా బాగా కడిగి, వారము రోజులు వేరే బకెట్టులో ఉంచి చూచి, తరువాత తొట్టిలో వేశాము. అంతరతామర గాలిలోని బొగ్గుపులుసు వాయువునే పీల్చుకొంటుంది గనుక త్వరగా పెరిగి, నీటిలోని నత్రజనిని లాగివేస్తుంది. పైన నీడ కూడా ఇస్తుంది. సేద్యము చేసే మనకు చేతికి దొరికేది యూరియా, డి.ఏ.పి. వాటిని తొట్టిలో వేయరాదు. వాటి నుండి వచ్చే అమోనియా చేపలను చంపుతుంది. చేపల మలమే మొక్కలకు సగము ఎరువు.

ఆరవది, నల్ల కుచ్చుల పని. చూడడానికి నల్లగా ఉన్నా ఇది ఎర్రపాచి జాతిది. ఒక ముక్కను స్పిరిట్‌లో వేస్తే ఎర్రబడుతుంది. దీనికి మందుల షాపులో గాయాలు కడుగుటకు అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడు పనిచేసింది. సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటే అది 6 శాతము. అంతే కొలత మంచినీరు కలిపితే 3 శాతమవుతుంది. ఫిల్టరును ఆపి, సూది లేని సిరంజితో నిదానముగా పాచి మీదనే వదిలాము. బుడగలు లేస్తాయి. పావుగంట తరువాత ఫిల్టరు తిరిగి నడిపించాము. 90 లీటర్లకు ఒక రోజులో, కలిపిన మందు 25 మిల్లీలీటర్లు మించనియ్యలేదు. రెండు రోజులకొకసారి ఒక్కొక్క మూల మాత్రమే చేశాము. నల్లనిది ఎర్రబడి, తెల్లబడి, తరువాత నత్తలకు మేతయైనది. ఆ మందు విడిపోయి నీరుగాను, ప్రాణవాయువుగాను మారుతుంది. అయినను వాలిస్నేరియా వంటి సున్నితమైన మొక్కల మీద దానిని పడనియ్యకూడదు.

మూడవ వారములో ఒక రాత్రి కరెంటు పోయింది. మేము గాఢనిద్రలో ఉండగా తెల్లవారుజామున నాలుగున్నరకు టంగుటంగుమని చప్పుడు వినబడింది. మామ్మ స్టీలు గ్లాసుతో మంచపు కోడును కొడుతున్నది. టార్చి వేసి చూస్తే చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరచుకొంటున్నాయి. చెరువులున్నవారికి ఈ దృశ్యము తెలిసినదే. మొక్కలు, పాచి పగలు ప్రాణవాయువును ఇస్తాయి, రాత్రి తామే పీల్చుకొంటాయి. గనుక తెల్లవారుజామున నీటిలో అది అన్నిటికంటె తక్కువగా ఉంటుంది. గాలి మోటారు కూడా ఆగింది. ఒకరము చెంబుతో నీటిని ముంచి ఎత్తు నుండి పోస్తూ ఉండగా, ఒకరము టబ్బులో నిలువ ఉంచిన నీటిని మార్చాము. తెల్లవారేసరికి చేపలు క్రిందికి దిగాయి. రెండు గప్పీలు చనిపోయాయి. పాచి అంతా ఒక్కసారి చచ్చి కుళ్ళుతూ ఉండిన తొట్టిలో ఇదే జరిగియుంటే ఒక్కటైనా మిగిలేదా అని తలచుకొన్నాము. ఆ వారమే బ్యాటరీతో నడిచే గాలి మోటారు కొని తెచ్చాము.

నత్తల మాట కూడా చెప్పాలి. 1849లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు లండనులో పన్నెండు గాలన్ల పాత్రలో రెండు గోల్డ్‌ఫిష్‌లను, ఇసుకలో నాటిన వాలిస్నేరియాను పెట్టాడు. మొక్క ఇచ్చే ప్రాణవాయువుతో చేపలు బ్రతుకుతాయా అని అతని పరీక్ష. బ్రతికాయి గాని ముదిరిన ఆకులు కుళ్ళి, పాచి పట్టి నీరు చెడసాగింది. అప్పుడు అతడు కొన్ని చెరువు నత్తలను వేశాడు. అవి కుళ్ళును, జిగటను తినివేయగా నీరు తేటపడింది. 1850లో దానిని లండను కెమికల్ సొసైటీకి వివరించాడు. ఇక్కడ ధవళేశ్వరము వద్ద కాటన్ దొరగారు ఆనకట్ట కట్టిస్తున్న సంవత్సరములవి. మా తొట్టిలో కూడా కాలువ మొక్కలతో వచ్చిన నాలుగు చిన్న నత్తలను ఉంచుకొన్నాము. నల్ల మోలీలు సహితము పచ్చపోగులను కొరుకుతూ ఉంటాయి.

పాచి తింటుందని అంగళ్ళలో అమ్మే సక్కరు చేప విషయములో జాగ్రత్త పడాలి. చిన్నదిగా ఉన్నప్పుడు ముద్దుగా ఉంటుంది గాని అడుగు దాటి పెరుగుతుంది. పెరిగిన తరువాత చాలమంది దానిని కాలువలో వదులుతారు. దక్షిణ అమెరికా నుండి వచ్చిన ఈ చేప నేడు మన చెరువులలోను, కాలువలలోను చేరి పెంపకపు చేపల మేత తిని, వలలు చించి రైతులకు నష్టము చేస్తున్నది. తొట్టిలోని ఏ చేపను గాని, ఏ మొక్కను గాని కాలువలో వేయకండి.

మరి ఒక మాట. నీలిపచ్చని జిగురు పొరలా ఇసుక మీద పరచుకొని, దుర్వాసన వేసేది నిజానికి పాచి కాదు, ఒక విధమైన బాక్టీరియా. దానిని గొట్టముతో పీల్చివేసి, నీటి కదలికను పెంచాలి. క్రొత్త తొట్టిలో అద్దానికి పట్టే గోధుమరంగు పొడికి బెంగపడనక్కరలేదు. చాలమట్టుకు కొన్ని వారములకు అదే పోతుంది.

ఆరవ వారమునకు పచ్చపోగులు ఇక రాలేదు. నల్ల కుచ్చులు పూర్తిగా పోవుటకు మార్చి నెల పట్టింది. వాలిస్నేరియా క్రొత్త పిలకలు వేసి వెనుక భాగమంతా నింపింది. పాచి ఆనవాలే లేకుండా పోయిందని మేము చెప్పము. ఫిల్టరు మూతి దగ్గర ఒకటి రెండు కుచ్చులు నేటికీ కనబడతాయి. ప్రాణమున్న నీటిలో పాచి కొంత ఉంటుంది. మొక్క బలముగా ఉన్నంత కాలము అది తన హద్దులో ఉంటుంది.

మీ ఇంట్లో ఇట్టి తొట్టి ఉండి పాచి పట్టినయెడల, సీసా కొనుటకు ముందు ఒక్క వారము దానిని ఊరక గమనించండి. ఎండ ఎప్పుడు పడుతున్నది, దీపము ఎన్ని గంటలు వెలుగుతున్నది, మేత ఎంత మిగులుతున్నది, తెల్లవారుజామున చేపలు ఎక్కడ ఉన్నవి అని వ్రాసి పెట్టుకోండి. ఇంట్లో రోజంతా కదలక కూర్చొనే పెద్దలు ఎవరైనా ఉంటే వారిని అడగండి. మనము నడుస్తూ చూడనిది వారు కూర్చొని చూస్తారు. మా ఇంట్లో ఇప్పుడు నవంబరు రాగానే చిన్నవాడు సుద్దముక్కతో బల్ల దగ్గరకు వెళ్తాడు. చాప ఎప్పుడు కట్టాలో మాత్రము మామ్మయే చెబుతుంది.